త్రేన్పుల సారుకి పంపిన కోడికూర

షామియానాలు అద్దెకిచ్చేవాడికి ఇష్టాయిష్టాలు ఉండకూడదు. పెళ్ళికి వేసిన గుడ్డే పెద్దదినానికీ వేస్తాం, అదే గుడ్డ పార్టీ మీటింగుకీ వేస్తాం. కింద కూర్చున్నవాళ్ళ ముఖాలు మారతాయి గానీ గుడ్డకి పట్టిన పప్పుచారు వాసన మారదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో వచ్చిన బేరాన్ని కాదని ఎరగని నేను, మొన్న మా ఊరి కోటేశ్వరరావు, అదే మా కోటి, ఫోన్ చేసి, ‘ఒరేయ్ సాల్మన్, మన పి.డి. గారికి సన్మానం చేస్తున్నాం, టెంటూ కుర్చీలూ మైకూ నీవే’ అన్నప్పుడు మాత్రం నోట్లో ఏదో పులిసినట్టయింది. పి.డి. అంటే కాలేజీలో ఆటలు నేర్పించే సారు. మర్నాటికల్లా సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. అందులో ఆయన ముఖం మా చర్చి తలుపంత ఉంది. దాని కింద ‘క్రీడాకారుల కన్నతండ్రి’ అని రాయించారు. ఆ మాటేదో పిల్లల్ని ఒకసారి అడిగి రాయించాల్సింది.

ఆస్పత్రి నుంచి అమ్మని ఆటోలో తీసుకొస్తుంటే ఆమె ఆ ఫ్లెక్సీ చూసి ఆటో ఆపించింది. చదువు రాదు గానీ ముఖాలు మర్చిపోదు. ‘ఈయన మన సారు కదూ. మన కూర తిన్న సారు’ అంది ఆటోవాడికి కూడా వినబడేట్టు. మా పేటలో ఈ కథ తెలియనివాళ్ళు లేరు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎవరూ ముట్టుకోని రోజుల్లో, అంత పెద్ద ఉద్యోగస్తుడు సంతోషమ్మ చేతికూర తిన్నాడనీ, తిని క్యారియర్ తళతళలాడేట్టు కడిగి మరీ పంపించాడనీ, కొత్తగా పేటకి వచ్చిన కోడళ్ళకి అమ్మ మొదట చెప్పే సంగతి అదే. చెప్పినప్పుడల్లా ఆమె వెన్ను నిటారుగా అవుతుంది, నేను చెప్పులు వెతుక్కుంటాను. ‘ఆ రోజు నేనూ వస్తానురా, కోడికూర వండుకొస్తా’ అంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు. అందుకని నోరు మూసుకున్నాను. మామూలుగా నా నోరు మూయించడానికి కరెంటు పోవాలి.

నా పేరు సాల్మన్ రాజు. తెలివికి పేరుపడ్డ రాజు పేరు ఇంట్లోవాళ్ళు పెట్టారు, కాలేజీలో ఇంటర్ మొదటేడు కూడా దాటనివ్వకుండా ఇంటికి పంపించారు. నేను కాలేజీలో కాలు పెట్టింది వాలీబాల్ వల్ల, కాలు బయటపెట్టిందీ దానివల్లే. సత్తెనపల్లి వైపు, మిరపచేల మధ్య మా ఊరు. ఊరికి ఒక పక్క మా పేట. రెంటికీ మధ్య కోటి వాళ్ళ కళ్ళం. సీజన్లో ఆ కళ్ళం నిండా మిరపకాయలు ఎర్రదుప్పటి పరిచినట్టు ఎండుతుండేవి. అవి మార్కెట్‌కి వెళ్ళిపోయాక అదే మా వాలీబాల్ కోర్టు. ఎంత ఊడ్చినా ఆ నేలలో ఘాటు పోయేది కాదు. బంతి పడ్డచోట ఎర్రటి దుమ్ము లేచి, అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి తుమ్మేవాళ్ళం. ఆ ఒక్క పని మాత్రం ఊరూ పేటా తేడా లేకుండా కలిసి చేశాం. అక్కడ కళ్ళు మండుతూ ఆడినవాడికి టౌన్లో గ్రౌండ్ పరుపులా అనిపించేది. కోటీ నేనూ అక్కడే ఆట నేర్చుకున్నాం, ఇద్దరం ఒకే కాలేజీలో చేరాం. ఆటగాళ్ళకి హాస్టలూ భోజనమూ ఉచితం. కోటికి అది సరదా. నాకు మాత్రం అది లేకపోతే చదువు లేదు.

మేమిద్దరం లిఫ్టర్లమే కావడం మా ఖర్మ. స్మాష్ కొట్టేవాడి పేరు ఊరంతా చెప్పుకుంటారు. వాడికి ఆ బంతిని ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎప్పుడు అందించాలో చూసుకునేవాడు లిఫ్టర్. జట్టు మొత్తం వాడి చేతివేళ్ళ మీద నడుస్తుంది, అందుకే జట్టుకి ఒక్కడే ఉంటాడు. పాత లిఫ్టర్ చదువైపోయి వెళ్ళాడు, పాత సారుకి బదిలీ అయింది. కొత్త పి.డి. గారు వచ్చి మొదటిరోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ‘లిఫ్టర్ అంటే ఇంట్లో అమ్మ లాంటివాడురా. అందరికీ వడ్డించాలి, తాను తినకూడదు’ అన్నాడు. అని, గ్రౌండ్ అవతల గేదెలు తలెత్తి చూసేట్టు త్రేన్చాడు. ఆ సాయంత్రానికే ఆయనకి త్రేన్పుల సారని పేరు పడింది. పెట్టింది నేనే.

ఆయన తిండి గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. తిన్న చెయ్యి కడుక్కున్నాక కూడా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవాడు. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న పీచుని అగ్గిపుల్లతో లాగి, దాన్ని కాసేపు పరీక్షగా చూసి, మళ్ళీ నోట్లో వేసుకునేవాడు. త్రేన్పు వాసనని బట్టి పొద్దున ఏం తిన్నాడో మేం పందేలు కాసేవాళ్ళం. ఆ చేత్తోనే కోటి వేళ్ళు పట్టుకుని, బంతి కింద అరచేతులు ఎలా విప్పాలో నేర్పేవాడు. నాకు నేర్పాలంటే చింతబరికె కొసతో చూపించేవాడు. కోటిగాడివి మొద్దు వేళ్ళు కాబట్టి పట్టుకుని నేర్పుతున్నాడు, నావి చూపిస్తే చాలు అనుకుని నేను లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. ఇంతకన్నా తెలివితక్కువ పొంగు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి ఆయన, ‘ప్లేయర్‌కి ఇంట్లో ఏం తిండి పెడుతున్నారో నేను చూడాలి. దాన్నిబట్టే లిఫ్టర్ ఎవరో తేలుస్తా’ అన్నాడు. ఆ ఆదివారమే స్కూటర్ వేసుకుని కోటి వాళ్ళింటికి భోజనానికి వచ్చాడు, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వచ్చాడు. వాళ్ళు రైతులు. నెయ్యీ వేటమాంసమూ, వరండాలో పీటా వేసి పెట్టారు. మా ఇంటికి ఎప్పుడొస్తారు సార్ అని అడిగితే, ‘అంత దూరం ఎందుకులేరా, మీ అమ్మకి శ్రమ. క్యారియర్ కట్టి పంపించమను, రూముకి తీసుకెళ్ళి తింటా’ అన్నాడు. ఆయన కూర్చున్న పీట నుంచి మా ఇంటికి మధ్య ఉన్న దూరం, ఒక వాలీబాల్ కోర్టు. అయినా మా నాన్న ఆ మాటకి మురిసిపోయాడు. జిన్నింగ్ మిల్లులో పనిచేసి, కనుబొమ్మల దాకా దూది అంటుకుని ఇంటికొచ్చేవాడు ఆయన. ‘మన శ్రమ గురించి ఆలోచించినవాణ్ణి ఇన్నాళ్ళకి చూశా’ అని తుమ్మాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో శనివారాలు మారిపోయాయి. అమ్మ పొద్దంతా కోటి వాళ్ళ కళ్ళంలోనే మిరపకాయలకి తొడిమలు తీసి వచ్చేది. చేతులు భగభగ మండుతుంటే మజ్జిగ కుండలో ముంచుకుని కూర్చునేది. ఆ చేతులు తడారకముందే రోటి ముందు చేరి ధనియాలూ ఎండుకొబ్బరీ గసగసాలూ నూరేది. ఆ వాసనకి పేటలో పిల్లలంతా మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళకి పెట్టడానికి ఏమీ ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు. గుడ్లు పెడుతున్న కోళ్ళని గంప కింద నుంచి తీసి, వారానికి ఒకటి చొప్పున కోసేది. నాన్నకి పులుసు, సారుకి ముక్కలు. కందనకాయ మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అది ఇంటికొచ్చిన గౌరవస్తుడిది. క్యారియర్ అడుగుగిన్నెలో, కూర మొత్తానికీ కింద దాన్ని దాచిపెట్టి, ‘అడుగున చూసుకోమని సారుకి చెప్పరా’ అనేది. ఆదివారం ప్రార్థన కాగానే నేను దాన్ని తీసుకెళ్ళి కోటి వాళ్ళ వాకిట్లో నిలబడితే, సారు లోపల్నుంచే త్రేన్చి, ‘అరుగు మీద పెట్టరా’ అనేవాడు. సాయంత్రం ఆయన స్కూటర్ మీద కోటీ, కోటి ఒళ్ళో మా క్యారియరూ టౌన్‌కి వెళ్ళేవి. నేను సోమవారం పొద్దున బస్సుకి వెళ్ళేవాణ్ణి. వారం చివర క్యారియర్ కడిగి నా చేతికి వచ్చేది. అమ్మ దాన్ని వెలుతురుకి తిప్పి చూసి, ‘పెద్దమనిషి. తిని కడిగి పంపించాడు’ అనేది.

కోళ్ళు అయిపోయిన వారం అమ్మ చీరాల నుంచి వచ్చే ఎండురొయ్యలు కొని వంకాయతో వండి పంపింది. కోడి లేదని సారేమనుకుంటాడో అని నేను రాత్రంతా దొర్లి, సోమవారం మొదటి బస్సుకే హాస్టల్‌కి వెళ్ళిపోయాను. కుళాయి దగ్గర కోటి వంగుని గిన్నెలు తోముతున్నాడు. గిన్నె మీద మా అమ్మ పేరు, బి. సంతోషమ్మ అని మిషన్‌తో కొట్టించింది, ఎండలో మెరుస్తోంది.

‘ఏరా, మా క్యారియర్ నువ్వు తోముతున్నావేంటి?’ అన్నాను.

వాడు తోమడం ఆపలేదు. ‘సారు చెప్పారు.’

‘సారు తింటే నువ్వెందుకు తోమడం?’

‘సారు తినరురా,’ అన్నాడు కోటి, బూడిద చేత్తో ముఖం తుడుచుకుని. ‘మొదట్నుంచీ తినలేదు. మూత కూడా తియ్యలేదు. బలానికి నువ్వు తినరా అని నాకిచ్చేస్తారు. ఎవరింటిదో ఆయన ఎప్పుడూ పేరెత్తలేదు గానీ, నాకు తెలుసు, గిన్నె మీద పేరుంది కదా.’

‘పేరు చదివి కూడా తిన్నావా?’

‘ఆకలేసిందిరా. పైగా బాగుంది. మా ఇంట్లో తెలిస్తే మా నాన్న నన్ను కళ్ళంలోనే పాతేస్తాడు, ఎవరికీ చెప్పకు.’

నాకు కోటి మీద కోపం రాలేదు. ఆకలేసినవాడు తిన్నాడు. నాకు కళ్ళముందు మెదిలింది మజ్జిగ కుండలో మా అమ్మ చేతులు. ఆ మనిషి మూత కూడా తియ్యలేదు. తియ్యకుండానే వారం వారం నా ముందు నిలబడి, బ్రహ్మాండంరా, అమ్మ చెయ్యి అమృతంరా అన్నాడు. కోటి చేతిలోంచి గిన్నె లాక్కుని మిగిలింది నేనే తోమాను.

ఆ సాయంత్రమే లిఫ్టర్ ఎవరో తేల్చే మ్యాచ్ పెట్టారు. అటు కోటి, ఇటు నేను. ఆ రోజు ఆడినట్టు నేను మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. పడిపోతున్న బంతిని కూడా వేళ్ళతో ఎత్తి, కొట్టేవాడి చేతికి కొలిచినట్టు అందించాను. మా వైపు గెలిచింది. కొట్టినవాళ్ళు వచ్చి నన్ను ఎత్తుకున్నారు. సారు కుర్చీలోంచి లేచి, పొట్ట సవరించుకుని, ‘ఇద్దరూ సమానమే. చీరాల టోర్నమెంట్‌కి లిఫ్టర్ కోటి. సాల్మన్ ఎక్స్‌ట్రా, నెట్టూ బంతులూ వాడు చూసుకుంటాడు’ అన్నాడు. అంతటితో ఆపినా నేను నెట్టు మోసేవాణ్ణేమో. నా భుజం వైపు బరికె చూపించి, ‘క్యారియర్ మాత్రం మానొద్దురోయ్. కారం కాస్త తగ్గించమను మీ అమ్మని, నిన్న పొట్ట మండింది’ అన్నాడు.

‘నిన్న ఏం కూర తిన్నారు సార్?’ అన్నాను.

‘ఏం కూరేంట్రా, కోడికూర.’

‘ఎండురొయ్యలూ వంకాయ సార్.’

గ్రౌండ్‌లో ఒకడు ఫక్కున నవ్వి, నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు ఆగిపోయాడు. కోటి తన బొటనవేళ్ళు చూసుకుంటున్నాడు. వాడొక్క మాట అంటే చాలు. అనలేదు. సారుకి సిగ్గేస్తుందని నేననుకున్నాను, ఆ వయసులో అలాంటివి అనుకుంటాం. ఆయన తాపీగా త్రేన్చి, ‘పెట్టిన పిడికెడు మెతుకులకి లెక్కలడుగుతున్నాడు వీడు. రేపట్నుంచి గ్రౌండ్‌లో కనబడకు’ అన్నాడు. గ్రౌండ్ లేకపోతే హాస్టల్ లేదు, హాస్టల్ లేకపోతే కాలేజీ లేదు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. అమ్మకి నిజం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆమె బావి దగ్గర చేదతాడు పట్టుకుని నిలబడి, పక్కింటావిడకి సారు గురించే చెబుతోంది, క్యారియర్ కడిగి పంపడం గురించి. నేను మాట మార్చి, ‘లిఫ్టర్‌కి నా పొడుగు చాలదన్నారమ్మా’ అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ‘ఆయనేం చేస్తాడులే, నువ్వు పెరగకపోతే’ అంది.

తర్వాత కోటికి ఆట మీదే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. నేను సైకిల్ షాపూ, సోడాబండీ తిరిగి టెంట్లలో తేలాను. కాలం మారిందంటారు. మారింది. ఇప్పుడు ఓట్ల ముందు పెద్దవాళ్ళు మా ఇళ్ళకి వచ్చి నులకమంచం మీద కూర్చుని టీ తాగుతారు, ఫోటోవాడు తీసేదాకా తాగుతారు. తర్వాత ఆ గ్లాసుల్లో ఈగలు ముసురుతుంటే అమ్మే పారబోస్తుంది. అప్పుడు ముట్టుకోకపోవడమే ఉండేది, ఇప్పుడు ముట్టుకున్నట్టు నటించడం కూడా వచ్చి చేరింది. ఈ రెంట్లో ఏది నయమో నా ఇంటర్ చదువుకి అందలేదు.

సన్మానం రోజు అమ్మ తెల్లారకముందే లేచి వండింది. మొదటి వరసలో, నా ప్లాస్టిక్ కుర్చీలోనే, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. శాలువాలయ్యాక సారు మైకు పట్టుకున్నాడు. ముసలాడయ్యాడు, త్రేన్పులు మాత్రం యవ్వనంలో ఉన్నాయి, నా స్పీకర్లలోంచి ఊరంతా విన్నది. ‘నేను కులం చూడలేదు, మతం చూడలేదు. ప్రతి ప్లేయర్ ఇంటి కూడూ తిన్నాను. వాళ్ళ తల్లుల చేతి రుచి ఇప్పటికీ నా నాలిక మీదుంది’ అన్నాడు. అమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచి తల ఊపింది. ఆంప్లిఫయర్ స్విచ్చి నా వేలి కింద ఉంది. నొక్కితే అయిపోతుంది. కానీ అమ్మ వింటోంది.

భోజనాల దగ్గర ఆమె నేరుగా ఆయన బల్ల ముందుకెళ్ళి గిన్నె మూత తీసింది. ‘సాల్మన్ తల్లిని బాబూ. అప్పట్లో మీకు క్యారియర్ పంపేదాన్ని.’ ఆయన కళ్ళు ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగాయి. ‘షుగరమ్మా, బయట తిండి తినను’ అన్నాడు. ఆయన ప్లేట్లో క్యాటరింగ్‌వాడి మటన్ బొమికలు గుట్టగా ఉన్నాయి. కోటి, ఇప్పుడు బట్టతల, బానపొట్ట, పక్కనుంచి వంగి, గరిటెతో ఒక ముక్క తీసి ఆయన ప్లేట్లో వేశాడు. ‘ఒక్క ముక్క తినండి సార్. ఈసారన్నా తినండి.’ చుట్టూ ఫోన్లు లేచాయి. ఆయన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. దవడ కదల్లేదు. బుగ్గలో దాన్ని అలాగే పెట్టుకుని ఫోటోలకి నవ్వాడు. ఫోన్లు దిగగానే కాగితపు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని అందులోకి ఊసి, మడిచి, ప్లేటు కిందకి తోశాడు. ఆ తర్వాత నీళ్ళు పుక్కిలించాడు. మా అమ్మకి కళ్ళలో శుక్లాలు, దూరపువి కనబడవు. ఆమె నిలబడింది మూరెడు దూరంలో.

అమ్మ గిన్నె వెనక్కి లాక్కోబోయింది. కోటి ఆ గిన్నె తీసుకుని, అన్నం కూడా అడక్కుండా, ముక్కలు పక్కకి జరిపి వేళ్ళు తిన్నగా అడుక్కి పోనిచ్చాడు. కందనకాయ తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. అమ్మ వాడి చేతినే చూస్తూ ఉండిపోయింది.

‘అడుగున ఉంటుందని నీకెవరు చెప్పారు బాబూ?’ అంది.

కోటి నమలడం ఆపాడు. నా వైపు చూశాడు. నేను కుర్చీలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ‘ఎవరూ చెప్పలేదమ్మా,’ అన్నాడు వాడు, ‘అప్పట్లో ఆదివారాలు అన్నీ నేనే తిన్నాను.’

వ్యాన్లో కుర్చీల గుట్టకి ఆనుకుని ఇంటికి వస్తూ అమ్మ గిన్నె మూట ముడి విప్పి మళ్ళీ కట్టింది. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు, ‘నీ పొడుగు సంగతి కూడా అబద్ధమేనా?’ అంది. ‘అబద్ధమేనమ్మా’ అన్నాను. ఏదో ఒక జోకు వెయ్యాలని చూశాను, ఒక్కటీ తగల్లేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే లేవమన్నారు. ఎన్నడూ లేవని మా అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ‘మేలు గురించి కాదండి’ అంది. ‘కాలేజీ సారు నా చేతికూర తిన్నాడని మీ అందరికీ చెబుతూ వచ్చాను. తినలేదు. ఊశాడు, నేను కళ్ళారా చూశాను. నా కోళ్ళు పోయాయి, నా కొడుకు చదువు పోయింది. ఆయన పెద్దమనిషని ఇంకెవరూ నా ఇంటి కథ చెప్పకండి.’ చెప్పి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది. పాస్టరు గారు బైబిల్లో పేజీలు తిప్పారు. వెనక వరసలోంచి ఎవరో అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. నేను అలవాటు కొద్దీ కాదు గానీ, గట్టిగానే అన్నాను.